కొమరోలు దగ్గర తీగల చేను

రాష్ట్రం ఏర్పడి అప్పటికి పదేళ్లు నిండలేదు. మా గిద్దలూరు, మార్కాపురం తాలూకాలు ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేవి. ఆ ఏడు వానాకాలం మొదట్లో నేనూ, నాకు పరిశోధన నేర్పే ప్రొఫెసరు గారూ కలిసి కొమరోలు అవతల ఒక మెట్టచేను కౌలుకు తీసుకున్నాం. అందులో విత్తనం వేయలేదు. గుంజలు పాతి, వాటి మీద రాగితీగలు లాగాం. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా వరస మీద వరస. దూరం నుంచి చూస్తే ఎవరో పెళ్లివారి బట్టలకని దండేలు కట్టి, బట్టలు ఆరేయడం మరిచిపోయినట్టు ఉండేది.

దారిన పోయేవాళ్లు బండి ఆపి ఇదేమిటని అడిగేవాళ్లు. చెప్పేదాన్ని. అంతా విని, బండి తోలుకుంటూ, మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూ పోయేవాళ్లు. నా మాట నమ్మినవాళ్లు ఒక్కరూ లేరు.

నమ్మకపోవడానికి కారణాలూ ఉన్నాయి. మాది గిద్దలూరు బజారులో బట్టల దుకాణం. ఆడపిల్లను కోస్తాలో యూనివర్సిటీకి పంపి ఫిజిక్సులో ఎమ్మెస్సీ చదివించినందుకే మా నాయనను బజారంతా వింతగా చూసింది. ఆ పిల్ల పెళ్లిమాట ఎత్తకుండా తిరిగొచ్చి, ఎక్కడివాడో తెలియని ఒక పెద్దమనిషితో కలిసి ఎండలో తీగలు బిగిస్తోందంటే, దాని వెనక ఏదో ఉండే ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. నేను కొమరోలులో మా మేనత్త ఇంట్లో ఉండేదాన్ని. ప్రొఫెసరు గారు గిద్దలూరు ట్రావెలర్స్ బంగళాలో దిగి, పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు వెళ్లేవారు. అయినా నేను ఇంటికి వచ్చేసరికి మా అత్త వాకిట్లోనే నిలబడి, నా ముఖం చూడకుండా నా వెనక వీధిని చూసేది.

మేం వెతుకుతున్నది ఏమిటో ఇక్కడ చెప్పాలి. ఆకాశంలో కొన్ని గెలాక్సీలు, అంటే కోట్ల కోట్ల నక్షత్రాల గుంపులు, మిగతా వాటికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా రేడియో తరంగాలు వెదజల్లుతున్నాయని అంతకుముందే తెలిసింది. ఉన్న నక్షత్రాలన్నీ కలిసి మండినా అంత శక్తి రాదు. మరి ఎక్కడి నుంచి వస్తోంది? గెలాక్సీ అంతటా పరుచుకున్నదేదో ఇస్తోందా, నడిమధ్యలో ఏదో ఒక చిన్న చోటు నుంచి వస్తోందా? పెద్ద పెద్ద దేశాల వాళ్లు పెద్ద పెద్ద యంత్రాలతో అప్పుడు ఈ ప్రశ్న వెంట పడ్డారు. మా దగ్గర పెద్ద యంత్రం లేదు. ప్రొఫెసరు గారు విదేశంలో ఉన్నప్పుడు నేర్చుకొచ్చిన ఒక ఉపాయం మాత్రం ఉంది.

నక్షత్రం మిణుకుమంటుంది, గ్రహం మిణుకుమనదు. అది మా ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. నక్షత్రం కంటికి సూదిమొనంత చుక్క కాబట్టి మధ్యనున్న గాలి కదిలితే దాని వెలుగూ కదులుతుంది. గ్రహం అంతకంటే వెడల్పైన బిళ్ల కాబట్టి, ఒక పక్క కదలికను ఇంకో పక్క కదలిక సరిచేస్తుంది. రేడియో తరంగాలకూ ఇదే వర్తిస్తుంది. కాకపోతే అక్కడ వీచేది మన గాలి కాదు, సూర్యుడి నుంచి ఎప్పుడూ బయటికి వీస్తూ ఉండే గాలి. దాని గుండా వచ్చిన తరంగం వణికితే అది చిన్న చోటు నుంచి వచ్చింది. వణకకపోతే పెద్ద చోటు నుంచి. ఇది తేల్చడానికి పెద్ద టెలిస్కోపు అక్కర్లేదు. చేనంత తీగా, ఒక రిసీవరూ, కాగితం మీద గీత గీసే పెన్నూ చాలు. పైగా సూర్యుడి దగ్గరగా కనబడే వాటినే చూడాలి కాబట్టి పనంతా పగలే.

కావలసినదల్లా నిశ్శబ్దం. కరెంటు మోటారు తిరిగినా, పెట్రోలు బండి పోయినా రిసీవరులో గోల పుడుతుంది. కరెంటు స్తంభాలు రాని పల్లె ఎక్కడుంటుందని ప్రొఫెసరు గారు అడిగినప్పుడు నాకు నవ్వొచ్చింది. అట్లాంటి పల్లెలకు మా వైపు కరువు లేదు.

చేని ఆసామి అరవై దాటిన మనిషి. పిల్లలు లేరు, భార్య పోయింది. పక్కవాడు దగ్గినా తనను చూసే దగ్గాడనుకునే రకం. వరసగా రెండేళ్లు కొర్ర ఎండిపోయినందువల్ల చేను మాకు ఇచ్చాడే గాని, ఇచ్చిన రోజు నుంచి అతనికి మనశ్శాంతి లేదు. మేం వెళ్లేసరికే చేలో ఉండేవాడు. గుంజల మొదట్లో మట్టి గీకి, చిటికెడు తీసి నలిపి, వాసన చూసేవాడు. మార్కాపురం వైపు పలకరాయి బయటపడిన చోట భూములకు ఎంత గిరాకీ వచ్చిందో విని ఉన్నాడు. తన నేల కింద కూడా ఏదో ఉందనీ, గుంజల నెపంతో మేం గుంతలు తీసి చూసుకుంటున్నామనీ అతని అనుమానం.

ఒకరోజు నా ఎదురుగా గట్టు మీద కూర్చుని అడిగాడు.

"పాపా, మీ సెట్టోళ్లు ఊరికే ఒక మూర గుడ్డ గూడా చించరు. చుక్కలు ఇనేదానికి చేను కౌలుకు పట్టినామంటే నేను నమ్మాల్నా?"

"నమ్మకుంటే విను పెదనాయనా," అని హెడ్‌ఫోను అతని చెవులకు పెట్టాను.

చాలాసేపు విన్నాడు. కాలిన పెనం మీద నీళ్లు చల్లినట్టుందన్నాడు. అంతే వినిపిస్తుంది మరి. హెడ్‌ఫోను తీసి నా చేతికిచ్చి, "ఇదేనా అయితే," అన్నాడు. ఆ గొంతులో అనుమానం తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. ఇంత ఖర్చు పెట్టి ఇది వినడానికి ఎవరైనా వస్తారా?

అతణ్ణి తప్పుపట్టలేను. ఎందుకంటే ఆ చేలో అతనికంటే పెద్ద అనుమానపు మనిషి మా ప్రొఫెసరు గారే. మొదటి రోజే నాకు చెప్పారు. పెన్ను వణికిందంటే ముందు మన రిసీవరు పెట్టెను అనుమానించాలి. తర్వాత తీగను. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్లను. ఆకాశం వంతు అందరికంటే చివర.

శ్రావణమాసంలో పెన్ను వణికింది. కన్యారాశి వైపున్న ఒక మూల నుంచి, మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక, అప్పటిదాకా నున్నగా వస్తున్న గీత చలికి వణికే చెయ్యి రాసినట్టు సన్నగా అదిరింది. కాసేపు అదిరి మళ్లీ నున్నబడింది. ప్రొఫెసరు గారిని కేకేశాను. ఆయన వచ్చి కాగితం చూసి, బ్యాటరీల మూతలు తీసి చూశారు. తీగల అతుకులన్నీ చేత్తో తడిమి చూశారు. చివరికి రోడ్డు వైపు చూపించారు. పంచాయతీ సమితి ఆఫీసు జీపు రోజూ ఆ వేళకే దుమ్ము లేపుకుంటూ పోతుంది. పెట్రోలు జీపు.

"అదే," అన్నారు.

మర్నాటి నుంచి నేను, రిసీవరు కోసం చేలో వేసుకున్న కొట్టంలో, ఒక కన్ను పెన్ను మీద, ఒక కన్ను రోడ్డు మీద పెట్టుకుని కూర్చున్నాను. జీపు ఆఫీసు గడియారాన్ని బట్టి వచ్చేది. వణుకు అట్లా రాలేదు. నక్షత్రాలు ఏ రోజుకా రోజు కొంచెం ముందుగా వస్తాయని పంచాంగం చూసే ఇంట్లో పుట్టిన నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ వణుకు కూడా రోజుకు కాస్త ముందుకు జరిగింది. కొన్నాళ్లకు, వణుకు పూర్తిగా అయిపోయిన తర్వాత గాని జీపు రావడం లేదు. ఆ వణుకు వచ్చే చోటు పక్కనే ఆకాశంలో ఇంకో రేడియో గెలాక్సీ ఉంది, పెద్దది. కేబుళ్ల పొడవు మార్చి దాని వైపు చెవి తిప్పితే గీత నిమ్మళంగా లేచి నిమ్మళంగా దిగేది. మళ్లీ ఇటు తిప్పితే వణుకు.

ప్రొఫెసరు గారు జీపును వదిలేశారు. ఆకాశాన్ని మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. సూర్యుడు కన్యలోకి వచ్చేదాకా ఆగమన్నారు. సూర్యుడు ఆ చుక్క వైపు దగ్గరయ్యే కొద్దీ వణుకు పెరగాలి, దాటిపోయాక తగ్గాలి. అప్పుడు గాని నమ్మేది లేదన్నారు. సూర్యుడు అక్కడికి ఏడాదికి ఒక్కసారే వస్తాడు.

మేం సూర్యుడి కోసం ఎదురుచూస్తుంటే ఊరు వాన కోసం ఎదురుచూస్తోంది. ఆ ఏడు వాన మొహం చాటేసింది. నల్లమల మీద మబ్బు కట్టేది. ఇటు వస్తున్నట్టే వచ్చి, మా చేని దాకా రాకముందే చీలి, సగం కంభం వైపు, సగం హనుమంతునిపాడు వైపు పోయేది. అట్లా రెండు మూడు సార్లయ్యేసరికి, తీగలు మబ్బులను తరుముతున్నాయనే మాట పుట్టింది. ఆ మాట ముందుగా అన్నది ఊరి మునసబు అని నా అనుమానం. అతని చేను మా చేనికి ఆనుకునే ఉంది. మేం కౌలుకు తీసుకున్న చేను మీద మునసబుకు చాలాకాలంగా కన్నుందని ఆసామి చెప్పాడు. ఆసామి చెప్పే మాటల్లో ఎంత నమ్మాలో నాకు తెలియదు.

అంతలో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చింది. మా వైపు యుద్ధం ఎక్కడుంది, రేడియోలోనూ పేపర్లోనూ తప్ప? అయినా కొత్త ముఖం కనబడితే చాలు గూఢచారి అనేవాళ్లు. ఒక మధ్యాహ్నం హెడ్ కానిస్టేబులు సైకిలు మీద మా చేలోకి వచ్చాడు. చేలో దొంగ వైర్‌లెస్ ఉందని ఎవరో అర్జీ పెట్టారట. యూనివర్సిటీ కాగితాలు చూపించాను. ఆయన వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, ఎవరితో మాట్లాడుతున్నారమ్మా అని మర్యాదగానే అడిగాడు. మేం ఎవరితోనూ మాట్లాడమనీ, వింటామంతే అనీ చెప్పాను.

"అదే గదమ్మా," అన్నాడు. "మాట్లాడేటోళ్లు రేడియో స్టేషనోళ్లు. ఊరికే ఇనేటోళ్లే గూఢచారులు."

పైనుంచి ఉత్తర్వు వచ్చేదాకా అని కొట్టం దగ్గర ఒక కానిస్టేబుల్ని కాపలా పెట్టి వెళ్లాడు. ఉత్తర్వు అనుకూలంగానే వచ్చింది. కానీ పోలీసు కాపలా ఉన్న చేను అన్న మాట అప్పటికే సంతకు ఎక్కింది. దొంగ లేకుండా పోలీసు ఎందుకుంటాడు?

ఆ మాట గిద్దలూరు దాకా పోయింది. మా దుకాణానికి వచ్చే కొమరోలు వైపు రైతులు ఎదురు దుకాణం మెట్లెక్కడం మొదలుపెట్టారు. ఇది నాకు మా అత్త చెప్పింది, నాయన చెప్పలేదు. ఒక ఆదివారం ఆయన బస్సు దిగి నేరుగా చేలోకి వచ్చాడు. తీగల కింద వంగి వంగి నడిచి, కొట్టంలో కూర్చుని, పెన్ను గీస్తున్న గీతను చాలాసేపు చూశాడు. మబ్బుల సంగతి ఎత్తుతాడనుకున్నాను. ఎత్తలేదు. ప్రొఫెసరు గారు బ్యాటరీలు దింపించుకోవడానికి రోడ్డు మీదికి వెళ్లిన సందు చూసి మెల్లగా అడిగాడు.

"ఈ కాగితాలన్నీ సాయంత్రానికి యాడికి పోతాయమ్మా?"

సార్ బంగళాకు తీసుకెళ్తారని చెప్పాను.

"రోజూనా?"

"రోజూ."

"అంటే సరుకు పుట్టేది నీ చేతిలో, చేరేది ఆయన పెట్టెలో." నాయన కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "వానలు పడతాయో లేదో దేవునికి తెల్సు. ఈయన సంగతి మాత్రం కొంచెం చూసుకో. పేరు ఎవరిదని రాస్తాడో కనుక్కో."

ఆయన వెళ్లాక ఆ మాట నన్ను వదల్లేదు. అప్పటిదాకా ప్రొఫెసరు గారు కాగితపు చుట్టలు సంచిలో పెట్టుకోవడం రోజూ చూస్తూనే ఉన్నాను. ఆ రోజు నుంచి అది ఇంకోలా కనబడింది. సంచి మూతి బిగించి ఎందుకు కడుతున్నారు? నేను కొలిచిన వణుకు గురించి అడిగితే ఊఁ అనడమే గాని బాగుందనీ బాగాలేదనీ అనరెందుకు? ఊరంతా నన్ను ఎట్లా చూస్తోందో నేను ఆయనను అట్లాగే చూడటం మొదలుపెట్టాను. మనసులో పెట్టుకుని ఆయన పక్కన కూర్చోలేక, ఒక సాయంత్రం బస్సు రాకముందు అడిగేశాను, కాగితాలు రోజూ ఎందుకు తీసుకెళ్తున్నారని.

"చెదలు," అన్నారు.

"చెదలకు ఇనప్పెట్టె ఇక్కడే ఉంది గదా సార్."

ఆయన సంచిని ఒళ్లో పెట్టుకున్నారు. తర్వాత నా వైపు చూడకుండానే అన్నారు. "నీ మీద అనుమానంతో."

నేను లేచి నిలబడ్డాను.

"నువ్వు అబద్ధం రాస్తావని కాదు. ఇది నీ ఊరు. నీ మీద ఇన్ని మాటలు పడుతున్నాయి. ఏదో ఒకటి దొరికితీరాలని నీకెంత ఉంటుందో నాకు తెలుసు. అలాంటి కళ్లకు వణకని గీత కూడా వణికినట్టే కనిపిస్తుంది. అందుకని తేదీలు మడిచిపెట్టి, ఏ రోజు కాగితమో తెలియకుండా, అన్నిటినీ నేను మళ్లీ కొలుస్తున్నాను."

"సరిపోతున్నాయా?"

"సరిపోతున్నాయి."

"మీకు మాత్రం దొరకాలని ఉండదా సార్? మిమ్మల్ని ఎవరు కొలవాలి?"

ఆయన మొదటిసారి నా ముఖం చూశారు. కోపం వస్తుందనుకున్నాను. సంచి విప్పి, ఆ వారం తాను కొలిచిన కాగితాలు నా చేతిలో పెట్టి, "నువ్వు," అన్నారు. అప్పుడే పేర్ల సంగతి కూడా అడిగాను. ఇద్దరి పేర్లూ ఉంటాయన్నారు. నమ్మాను. పూర్తిగా కాదు. అప్పటి నుంచి ఆయన నావీ, నేను ఆయనవీ తేదీలు మూసి కొలిచేవాళ్లం. మా మధ్య అంతకుముందున్న మర్యాద కొంత పోయింది. పని మాత్రం బాగుపడింది.

సూర్యుడు కన్యలోకి వచ్చాడు. వణుకు నిజంగానే పెరుగుతోంది. సరిగ్గా ఆ వారమే ఊరివాళ్లు మమ్మల్ని బడి వరండాలోకి పిలిచారు. ఆడవాళ్లు కూడా వచ్చారు. నన్ను చిన్నప్పుడు ఎత్తుకున్న ఒకావిడ నా వైపు చూసి చూపు తిప్పుకుంది. మునసబు గట్టిగా ఏం మాట్లాడలేదు. తీగలు దించితే వాన పడుతుందో లేదో చూద్దామన్నాడు, అంతే. సజ్జ చేతికందేటట్టు లేదనీ, ఇంకో పక్షం ఇట్లాగే ఉంటే పశువులను అమ్ముకోవలసిందేననీ మిగతావాళ్లు చెప్పారు. ఆ మాటల్లో అబద్ధం లేదు.

ప్రొఫెసరు గారు నన్ను పక్కకు పిలిచి ససేమిరా అన్నారు. ఇప్పుడు దించితే మళ్లీ ఏడాది దాకా ఈ అవకాశం రాదు. పైగా ఇది పరీక్ష కాదు. దించిన తర్వాత కాకతాళీయంగా వాన పడితే తీగల వల్లే ఇన్నాళ్లూ ఆగిందంటారు, జన్మలో ఆ మచ్చ పోదు. ఆయన చెప్పినదంతా నిజమే. కానీ ఆయనకు సాయంత్రం బస్సుంది. నేను మా అత్త ఇంటికి ఆ వీధిలోనే నడిచి వెళ్లాలి. అంతకంటే కూడా, ఆ వరండాలో ఎండిన ముఖాలను చూస్తూ నా గీత కోసం మీ వాన మాట తర్వాత చూద్దామని ఎట్లా అనాలో నాకు తెలియలేదు. అమావాస్య దాకా తీగలు దించి ఉంచుతామని అందరి ముందూ ఒప్పుకున్నాను. ప్రొఫెసరు గారు ఆ సాయంత్రం నాతో మాట్లాడకుండానే బస్సెక్కారు. మర్నాడు వచ్చి తీగలు తనే విప్పడం మొదలుపెట్టారు.

అమావాస్య ఇంకా రాకముందే వాన పడింది. మధ్యాహ్నం మబ్బు కట్టి, చీలకుండా నేరుగా వచ్చి, రెండు ఘడియలు కురిసింది. నేలకు మంచి పదునైంది. వీధిలో జనం తడుస్తూ నిలబడ్డారు. నేనూ వాకిట్లోకి వచ్చి తడిశాను. సంతోషం లేకేం. కానీ వీధిలో ఒక్కొక్కరే మా అత్త ఇంటి వైపు చూసి, చూశావా అన్నట్టు తలలాడిస్తున్నారు. నిజం చెప్పాలంటే ఆ వానలో నిలబడి నేను కూడా ఒక్క క్షణం తీగలను అనుమానించాను. ఉత్త రాగితీగ మబ్బును ఏమీ చేయలేదని లెక్క వేసి చూపించగలిగినదాన్ని, ఆ క్షణం లెక్కను కూడా అనుమానించాను.

మా పని అక్కడితో అయిపోయిందనుకున్నాను. మర్నాడు పొద్దున్నే ఆసామి మా అత్త వాకిట్లోకి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"తీగలు మళ్లీ కట్టు పాపా," అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"దించినాక వాన పడిందని మునసబు ఊరంతా చెప్పుకుంటున్నాడు. నన్ను చూసి నవ్వినాడు కూడా. సరే, దించితే పడింది. కడితే వాన నిలిచిపోవాల గదా? నిలుస్తుందేమో చూద్దాం. పడిందంటే వాని మాట అబద్ధమే గదా."

"ఊరు ఒప్పుకుంటుందా పెదనాయనా?"

"చేను నాది. పదునైంది, పక్కోళ్లు ఇత్తనం పనిలో ఉన్నారు, ఇప్పుడు ఎవురూ రారు." వెళ్లబోతూ అన్నాడు. "నీ మాట నమ్మి చెప్తాండాననుకోవాకు. నాకు నీ మీద నమ్మకం లేదు. వాని మీద అంతకన్నా లేదు."

అతని మనసులో ఉన్నది మునసబు మీద పంతం తప్ప ఇంకోటి కాదు. కానీ బడి వరండాలో ప్రొఫెసరు గారు చెప్పలేకపోయిన మాట అదే: దించి చూస్తే చాలదు, మళ్లీ కట్టి కూడా చూస్తేనే అది పరీక్ష. ఆయనకు ఈ సంగతి చెబితే నవ్వారు. ఆయన నవ్వగా చూడటం నాకు అరుదు. మధ్యాహ్నానికల్లా తీగలెక్కాయి. ఊళ్లో కొందరు గొణిగారు. మునసబు మనిషిని పంపించాడు. ఆసామి గట్టు మీద కర్ర పట్టుకుని కూర్చుని వచ్చినవాణ్ణి వచ్చినట్టే పంపేశాడు.

మేం పోగొట్టుకున్న రోజులు తిరిగి రాలేదు. వణుకు పతాక స్థాయిలో ఉన్న రోజులు కొన్ని మా కాగితం మీద లేవు. కానీ ఎక్కే గీత ఉంది, దిగే గీత ఉంది. సూర్యుడు దాటిపోతున్న కొద్దీ వణుకు సన్నబడుతూ వచ్చింది. తేదీలు మూసి కొలిచినా ఇద్దరికీ అట్లాగే వచ్చింది. ఒకరోజు ప్రొఫెసరు గారు కొట్టం గుంజకు ఆనుకుని, ఇక ఆకాశం తప్ప ఇంకెవరూ మిగల్లేదమ్మా అన్నారు. అంత చిన్న చోటు నుంచి అంత శక్తి వస్తోంది. ఒక గెలాక్సీ నక్షత్రాలన్నీ ఇవ్వలేనిది, ఆ గెలాక్సీలో కంటికి ఆననంత చోటు ఇస్తోంది. ఆ మాట పైకి అన్నాక ఇద్దరికీ భయం వేసింది. దొరికినదాన్ని చూసి సంతోషపడాల్సింది పోయి మళ్లీ కేబుళ్లు తడమడానికి లేచాం.

దసరా దాటాక ఒక మధ్యాహ్నం, తీగలన్నీ కట్టి ఉండగానే, రెండో వాన వచ్చింది. మొదటి దానికంటే పెద్దది. గాలి, ఉరుములు. నేను కేబుళ్లు ఊడదీయడానికి పరుగెత్తాను గాని సగం కూడా తీయలేదు. ఎక్కడో దగ్గరలోనే పిడుగు పడింది. కొట్టంలో తెల్లగా వెలిగి, పెట్టెలోంచి కాలిన వాసన వచ్చింది. ప్రొఫెసరు గారు నన్ను చెయ్యి పట్టి బయటికి లాగారు. నాకేమీ కాలేదు. రిసీవరు మాత్రం బూడిదైంది. వానలో నిలబడి ఆయన ఆ కొట్టం వైపు చూస్తున్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆసామి మాత్రం మోకాలి లోతు బురదలో, నెత్తిన గోనెపట్టా వేసుకుని, పక్క చేని వైపు చూస్తూ నిలబడ్డాడు. అంత ఆనందం నేను ఆ మనిషి ముఖంలో ఎప్పుడూ చూడలేదు.

ఊరి మాట మారడానికి రెండు రోజులు పట్టలేదు. ఇప్పుడు తీగలు వాన తెస్తాయన్నారు. మొదటి వాన కూడా, దించేముందు తీగల్లో ఎక్కిన బలం వల్లే పడిందని ఎవరో లెక్క చెప్పారట. గిద్దలూరు దుకాణంలో కొమరోలు రైతులు నాయనను, మీ అమ్మాయి వచ్చే ఏడు ఎవరి చేలో కడుతుందని అడిగారు. ఒక సాయంత్రం మునసబు స్వయంగా మా అత్త ఇంటికొచ్చి, తన చేను చదునుగా ఉంటుందనీ, రోడ్డుకు దూరమనీ, కౌలు మాట తర్వాత చూసుకుందామనీ చెప్పాడు. తీగలు వాననూ ఎండనూ ఏమీ చేయలేవని ఎంత చెప్పినా, తెలుసులే అమ్మా అన్నట్టు నవ్వి వెళ్లిపోయాడు. తీగలు మబ్బును తరమవంటే నమ్మనివాళ్లు వాన తేవంటే నమ్ముతారా? దాన్ని మాన్పించే శక్తి నాకు లేకపోయింది.

మరుసటి ఏడు మేం రాలేదు. కొత్త రిసీవరుకు మా యూనివర్సిటీ ఒప్పుకోలేదు.

గుంజలు ఆసామికే వదిలేసి, తీగలు చుట్టుకుని, గిద్దలూరులో రైలెక్కాం. స్టేషనుకు నాయన వచ్చాడు. ప్రొఫెసరు గారికి నమస్కారం పెట్టి, కాగితాల పెట్టెను తన చేత్తోనే ఎత్తి నా సీటు కింద పెట్టాడు. ఆయన సీటు కింద కాదు. ప్రొఫెసరు గారు చూశారు. ఈ కొలతల మీద మేం రాసిన వ్యాసం ఏడాది తర్వాత అచ్చయింది. ముందు ఆయన పేరు, తర్వాత నా పేరు. మాకంటే పెద్ద చేను, పెద్ద యంత్రాలున్న వాళ్లు అప్పటికే అదే మాట చెప్పారు కాబట్టి దాన్ని చూసి ఎవరూ ఉలిక్కిపడలేదు. ఆ చిన్న చోట ఉన్నది వెలుగును కూడా వదలనంత బరువైన చీకటి వస్తువనీ, అందులో పడే పదార్థమే పడేముందు అట్లా మండుతుందనీ ప్రపంచం ఒప్పుకోవడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

రైల్లో మాకది తెలియదు. తర్లుపాడు దాటాక ఆయన కాగితం తీసి వ్యాసంలో చివరి వాక్యం రాయడం మొదలుపెట్టారు. అక్కడ ఏముందో ఊహించి రాద్దామన్నాను నేను. కొందరు అప్పటికే రకరకాలుగా ఊహిస్తున్నారు. ఒక మహా నక్షత్రమనీ, వరసగా పేలే నక్షత్రాలనీ. ఆయన వద్దన్నారు. మనం చూసింది ఎంత చిన్నదో మాత్రమే, ఏమిటో చూడలేదు, చూడనిది రాయకూడదన్నారు. రాయకపోతే ఇంత కష్టపడి ఏం చెప్పినట్టని నేను వాదించాను. మార్కాపురం రోడ్డు స్టేషనులో రైలు చాలాసేపు ఆగింది. ప్లాట్‌ఫారం మీద పలకల కట్టలు ఎక్కిస్తున్నారు. మేం వాదించుకుంటూనే ఉన్నాం. చివరికి ఆయన నా మాటా తన మాటా రెండూ కొట్టేసి, శక్తి మూలం ఏదైనా అది మేము కొలవగలిగిన దానికంటే చిన్నది అని రాసి నాకు చూపించారు. ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాను. అందులో నాకు అనుమానించడానికి ఏమీ కనబడలేదు. సరే అన్నాను. రైలు కదిలింది.